నూనె పట్టిన ప్రాసెసర్

బ్రాడీపేటలో నా రిపేరు షాపుకి ఎండాకాలంలో వచ్చే కంప్యూటర్లలో సగం మిరపపొడి మోసుకొస్తాయి. మూత తీస్తే చాలు, తుమ్ములే. నాకసలే కోపం ఎక్కువ, తుమ్మితే ఇంకా ఎక్కువ.

ఆ మధ్యాహ్నం ఒక టీచరమ్మ ఆటోలోంచి సీపీయూ దించి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లోపలికొచ్చింది. వాళ్ల ఇల్లు కారం మర పక్కనట. చర్చిలో పాటలు పాడే భర్త పోయి ఏడాది దాటిందట. ఆయన ఇంట్లో రికార్డు చేసుకున్న పాటలన్నీ ఇందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

"సాయంత్రం ప్రార్థన వేళకి దానంతటదే ఆన్ అవుద్ది బ్రదర్. ఆయనే అట్టా పెట్టుకున్నారు. ఆన్ అవగానే ఆయన పాటొచ్చేది. ఈమధ్య ఎవరో గొంతు సవరించుకున్నట్టు గుర్రుమని ఆగిపోతంది," అంది.

టైమర్ పెట్టుంటాడు, అందులో వింతేమీ లేదు. అయినా ఆ మాట విన్నాక, ప్లగ్గు కూడా పెట్టని ఆ డబ్బా వంక మళ్లీ చూశాను.

మూత తీశాను. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగేసే అల్యూమినియం దిమ్మ ఉంటుంది, అదే హీట్‌సింక్. దాని రేకుల మధ్య ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది. గోటితో గీకితే జిడ్డు.

"ఏం పోశారమ్మా దీన్లో?"

"పొయ్యలేదు బ్రదర్. ఆగిపోతందని రోజూ మూత తీసి కాస్త ప్రార్థన నూనె రాశాను. ఒంట్లో బాగోకపోతే నుదుట రాస్తాం గదా."

కంప్యూటర్‌కి నుదురేంటండీ అని అరవబోయి, ఆవిడ మొహం చూసి మింగేశాను. ఆ నూనె మిరపపొడిని పట్టుకుని రేకులకి గాలాడకుండా చేసింది. అడుగుదాకా కారి, వేడి దిమ్మకి ఎక్కడానికి మధ్యలో రాసే పాత పేస్టుతో కలిసి బంకలా పట్టేసింది. బాగుచెయ్యాలని రాసిందే దాన్ని చంపుతోందని ఎలా చెప్పను?

స్క్రూలు విప్పి దిమ్మని మెల్లగా అటూ ఇటూ తిప్పాను. కదల్లేదు. ఇంకాస్త తిప్పేసరికి టక్కుమని ఊడొచ్చింది, ప్రాసెసర్‌తో సహా. ప్రాసెసర్ అడుగున సన్నటి కాళ్లు వందల్లో ఉంటాయి, విరిగితే అంతే సంగతులు. పైగా పాటలు ఎవరూ తియ్యకుండా ఆయన డిస్కుకి తాళం వేశారని ఆవిడ చెప్పింది; ఆ తాళానికి చెవి ఈ రకం ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ఇది చస్తే పాటలు డిస్కులో ఉండి కూడా ఎవరికీ వినపడవు.

"పోయిందా బ్రదర్?"

"కాసేపు మాట్లాడకండి," అన్నాను. కసిరినట్టే వచ్చింది.

భూతద్దం పెట్టి చూశాను. కాళ్లన్నీ నిటారుగానే ఉన్నాయి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తీసి దిమ్మని వేడిచేశాను. నూనె కరిగి, కారం ఘాటు షాపంతా కమ్మేసింది. ఇద్దరం తెగ దగ్గాం. మా దగ్గులు ఆగాక కూడా ఎవరో దగ్గినట్టనిపించింది. ఆవిడా తలెత్తి చూసింది. షాపులో మేమిద్దరమే ఉన్నాం.

దిమ్మకీ ప్రాసెసర్‌కీ మధ్య సందులోకి కుట్టుదారం దూర్చి రంపంలా అటూ ఇటూ లాగాను. దారం తెగింది. మళ్లీ వేడిచేశాను, మళ్లీ కొత్త దారం. చివరికి ప్రాసెసర్ జారి నా అరచేతిలో పడింది. సరిగ్గా ఒంటి వేడితో ఉంది.

అంతా తుడిచి, కొత్త పేస్టు రాసి, బిగించి, మానిటరూ స్పీకర్లూ తగిలించి ప్లగ్గు పెట్టాను. బయట పొద్దు వాలుతోంది. చేతులు కారంతో మండుతుంటే, కడుక్కొచ్చి ఆన్ చేద్దామని లేచాను.

నా వెనక గుర్రుమంది.

ఈసారి అది ఆగలేదు. తెర వెలిగింది. కాసేపటికి స్పీకర్‌లో ఒక మగ గొంతు దగ్గి, పక్కనే కూర్చున్నంత దగ్గరగా అంది: "ఫ్యాన్ ఆపవే, రికార్డింగ్ పెట్టాను."

ఆవిడ లేచింది. గోడ దగ్గరికెళ్లి నా షాపు ఫ్యాను ఆపేసింది.

"ఆపానండీ, పాడండి," అంది.

నాకు చెమటలు కారిపోతున్నాయి. పాట అయ్యేదాకా ఆ స్విచ్ జోలికి పోలేదు.