రాత్రుల లెక్కకు అందని ఆదివారం

ఆ ఏడాది ఏప్రిల్ మొదటి సోమవారం సుగుణ మేడం ప్రయాణం నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికి నేను మెదక్ బస్టాండ్ రోడ్డులోని ట్రావెల్స్‌లో కౌంటర్ ఇన్‌చార్జిని, రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉంది. రామాయంపేట, అల్లాదుర్గ్, రేగోడ్ నుంచి దుబాయ్, దమ్మామ్ వెళ్లేవాళ్లకు టికెట్లు, ఏటా మక్కాకు ఉమ్రా యాత్ర గ్రూపులు, ఇదే మా పని. పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల పేరు మా ఆఫీసులో అంతకుముందు ఎవరూ ఎత్తలేదు. తెలియదని చెప్పడం నా స్వభావంలో లేదు కనుక అయిపోతుందని చెప్పి కుర్చీ చూపించాను.

మేడం మిషన్ స్కూల్లో సంగీతం టీచరు, చర్చి కాయర్‌కు పెద్ద దిక్కు. ఇరవై ఏళ్లకు పైబడిన మాట, బెంగళూరులో సంగీత శిక్షణకు వెళ్లినప్పుడు సీనా అనే సమోవా టీచరుతో స్నేహమై, ఆమెకు ఒక తెలుగు కీర్తన నేర్పారు. సీనా దాన్ని తమ ఊరి పిల్లలకు నేర్పింది. ఆ దేశంలో అక్టోబర్ రెండో ఆదివారం పిల్లల పండుగ. తెల్ల బట్టలు వేసుకుని పిల్లలే చర్చిలో ఆరాధన నడుపుతారు. ఈసారి వాళ్లు ఆ కీర్తన పాడతారు, ఆ ఆరాధనతో సీనా కాయర్ వదిలేస్తుంది, ఆ రోజు నువ్వు నా పక్కన ఉండాలని మేడంకు రాసింది. ఆదివారం తొమ్మిది గంటలకు అక్కడ లేకపోతే ఈ ప్రయాణానికి అర్థం లేదు.

ఇక్కడి కాయర్ సెక్రటరీ పండుగ సంగతి తెలియక జనవరిలో పొమ్మన్నారట, వానలుండవని. మనకు ఉండవు. భూమధ్యరేఖకు దిగువన జనవరి అంటే తుఫాన్ల కాలం, మే నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. అలా పండుగ, పొడి కాలం, ఆ ఏటి దసరా సెలవులు మూడూ కలిసొచ్చాయి. మేడం పాస్‌పోర్టులో పదేళ్ల అమెరికా వీసా ఉంది, కాలిఫోర్నియాలో చెల్లెలుంది. కనుక దారి అటు పెట్టాను. చెల్లెలి దగ్గర రెండు రాత్రులు, హవాయి మీదుగా అమెరికా ఏలుబడిలో ఉన్న పక్క దీవి అమెరికన్ సమోవా, అక్కడి నుంచి చిన్న విమానంలో అరగంటలో సమోవా. అమెరికన్ సమోవాకు పర్మిట్ ముందే తీయాలి, సమోవాలో దిగాక ఇస్తారు.

ఇక్కడ నా పద్ధతి చెప్పాలి. నేను ప్రయాణాన్ని రాత్రులతో లెక్కపెట్టేవాణ్ణి, తేదీలతో కాదు. అర్ధరాత్రి దాటాక అరగంటకు విమానం ఉంటే, టికెట్ మీద తేదీ చూసి ఆ రోజు సాయంత్రం తీరిగ్గా ఎయిర్‌పోర్టుకు పోయినవాళ్లను చాలామందిని చూశాను. తేదీ మోసం చేస్తుంది, రాత్రి చేయదు అనేది నా సామెత. మక్కాలో ఇన్ని రాత్రులు, మదీనాలో ఇన్ని అని రాసుకుంటే గ్రూపులో ఒక్క మనిషి తప్పేవాడు కాదు. మేడం లెక్కా అలాగే వేశాను. గురువారం రాత్రి అమెరికన్ సమోవా, శుక్రవారం విశ్రాంతి, శనివారం మధ్యాహ్నం చిన్న విమానం, ఆ రాత్రి సీనా ఇంట్లో నిద్ర. సీట్లు హోల్డ్‌లో పెట్టాను. అంటే సీటు మన పేర ఉంటుంది, టికెట్ ఇంకా కొట్టరు. మంగళవారం సాయంత్రం ఆరింటికి గడువు.

ఆ మంగళవారం ఐదింటికి మేడం వచ్చి కాగితం రెండుసార్లు చదివారు. తర్వాత అడిగారు.

"యూసుఫ్ భాయ్, మీ పండుగ సౌదీల ఒకరోజు ముందే అయితది గదా. గక్కడ గట్లాంటిదేం లేదు గదా?"

ఏమీ ఉండదు మేడం, అది నెలవంక సంగతి అనబోయి ఆగిపోయాను. చిన్న విమానం టైములు మళ్లీ తెరిచాను. బయలుదేరేది శనివారం పన్నెండింటికి. దిగేది పన్నెండున్నరకు, ఆదివారం. ఆ రెండు దీవుల మధ్యే అంతర్జాతీయ తేదీ రేఖ ఉంది. అరగంట ప్రయాణంలో ఒక రోజు పోతుంది. రాత్రి గడవకుండానే తేదీ మారే చోటు ఒకటుందని నా సామెతకు తెలియదు. మేడం దిగేసరికి పిల్లలు పాడేసి భోజనాలకు కూర్చుని ఉండేవాళ్లు.

 ముప్ఫై ఏళ్లుగా ఉమ్రా వాళ్లకు అక్కడి తేదీ వేరు, చూసుకోండి అని చెప్పిన నోరే ఇది. తప్పు నాదేనని చెప్పాను. మేడం కోప్పడలేదు.

"తప్పు దొరికింది గదా, దిద్దుండ్రి. పరేషాన్ గాకుండ్రి జర" అన్నారు.

పెద్ద విమానాల సీట్లు అలాగే ఉంచి చిన్నదాన్ని మాత్రం శుక్రవారానికి జరపాలి, శుక్రవారం ఎక్కితే అక్కడ శనివారం దిగుతారు. కానీ పండుగకు ఇళ్లకు పోయేవాళ్లతో ఆ రోజు మధ్యాహ్నం సర్వీసు నిండింది. పెద్ద టికెట్ల గడువు ఒక రోజు పొడిగించుకుని, బుధవారం ఉదయం ఆరున్నరకే షట్టర్ తీసి అమెరికన్ సమోవాలోని ఆ విమానం ఆఫీసుకు ఫోన్ చేశాను. వాళ్లకింకా మంగళవారం మధ్యాహ్నమే. శుక్రవారం పొద్దున సర్వీసులో ఒక్క సీటుంది, అయితే మనిషి బరువు, సంచి బరువు చెబితేనే ఇస్తామన్నారు. అంత చిన్న విమానానికి మనిషినీ కాంటా ఎక్కిస్తారు. మేడంకు ఫోన్ చేసి అడిగాను. సంచి బరువు వెంటనే చెప్పారు. తన బరువు చెప్పడానికి మాత్రం కొంచెం సేపు పట్టింది. రెండూ కలిపి వాళ్ల హద్దులోనే ఉన్నాయి. సీటు ఖాయమయ్యాక మిగతా టికెట్లు కొట్టాను.

అక్టోబర్ రెండో ఆదివారం తెల్లవారుజామున ఫజర్ నమాజు చదివి వచ్చేసరికి ఫోన్‌లో మేడం పంపిన పాట ఉంది. తెలుగు మాటలు ఎక్కడెక్కడో విరుగుతున్నాయి, రాగం మాత్రం చెదరలేదు. పిల్లల గొంతుల కింద మేడం గొంతు గుర్తుపట్టాను. నేను చాలా సంతోషించాను, సిగ్గు కూడా పడ్డాను.

సోమవారం మా బుకింగ్ ఫారంలో ఒక గడి చేర్పించాను. దిగే చోట, దిగే రోజు ఏ వారం, ఏ తేదీ. దాన్ని ప్రయాణికుడు తన చేత్తోనే నింపాలి, కౌంటర్ వాళ్లు నింపకూడదు. నేను రిటైరయ్యాక కూడా ఆ గడి ఉంది. అనుభవం ఉన్నవాడు లెక్క వేగంగా వేస్తాడు, దాన్ని మళ్లీ చూసుకోవడం మానేస్తాడు. ఆ పని ప్రయాణం చేసేవాళ్లకే అప్పగించాలి, ఆ ఆదివారం పోతే పోయేది వాళ్లకే కనుక.