రంగు చెప్పని కండువా

ఆ కండువా రంగు ఏమిటో ఇక్కడ రాయను. రాస్తే మీరు చదవడం ఆపి ముందు నన్ను ఏదో ఒక పార్టీలో కలిపేస్తారు. మా వైపు రంగులకు వేరే పని లేదు. ఒక రంగు మెడలో వేసుకుంటే ఒకడి మనిషి, ఇంకో రంగు వేసుకుంటే ఇంకొకడి మనిషి. అది ఫుట్‌బాల్ క్లబ్బు కండువా అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఆ రోజు ఒక్కరూ వినలేదు.

నేను కాశీబుగ్గలో ఉంటాను. జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చూస్తాను. ఫుట్‌బాల్ పిచ్చి టెక్కలిలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో అంటుకుంది. అంటించింది నా పక్క మంచం అమ్మాయి. ఆమె ఫోన్‌లో ఆట చూసేది, నేను ఆమె భుజం మీద గడ్డం ఆనించి చూసేదాన్ని. ఎవరు ఎవరో తెలియకముందే ఒక జట్టు మీద మనసు పడింది. ఆ ఏడంతా ఆ జట్టు ఓడిపోతూనే ఉంది. బహుశా అందుకే నచ్చిందేమో. మాది ఉద్దానం. తుపానుకు కొబ్బరిచెట్లు కూలిపోతే ఆ గోతుల పక్కనే మళ్లీ మొక్కలు పెట్టే జనం మేము.

పెళ్లయింది, ఉద్యోగం వచ్చింది, పిచ్చి మాత్రం పోలేదు. పిచ్చి ఉన్నవాళ్లకు ఆట చూడటం ఒక్కటే చాలదు. ఆ జట్టుది ఏదో ఒకటి ఒంటిమీద ఉండాలి, ఇంట్లో కళ్లముందు కనిపిస్తూ ఉండాలి. నాకొక కాపీ జెర్సీ ఉంది. రెండు ఉతుకులకే వెనక నంబరు పైగీత ఊడిపోయి ఏడు కాస్తా ఒకటి అయింది. జట్టు బొమ్మ ఉన్న కప్పు ఉంది. చెవి విరిగినా అందులోనే టీ తాగుతాను. జట్టు ఓడిన మర్నాడు మాత్రం అందులో తాగను, స్టీలు గ్లాసు తీస్తాను. గ్లాసు చూసి మా ఆయన ఆ రోజు నా జోలికి రాడు.

కండువా కోసం కాశీబుగ్గంతా తిరిగాను. పార్టీ జెండాలు అమ్మే కొట్లోనే జెర్సీలూ వేలాడుతుంటాయి. అక్కడికి వెళ్లి ఫలానా రంగులో కండువా కావాలన్నాను. కొట్టాయన తల ఎత్తకుండా, "ఎన్నొందలు గావాల మేడం? మీటింగెక్కడ?" అన్నాడు. ఒక్కటే కావాలన్నాను. అప్పుడు తల ఎత్తి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఒక్క మనిసితో మీటింగేటి?" అన్నాడు.

చివరికి ఆ హాస్టల్ స్నేహితురాలే పంపింది. ఆమె ఇప్పుడు నర్సు, ఆ జట్టు ఊళ్లోనే ఆసుపత్రిలో పనిచేస్తోంది. స్టేడియం గేటు ముందు బండి మీద కొన్నానని చీటీ రాసి పెట్టింది. ఊలుది, మందంగా ఉంది, రెండు చివర్లా కుచ్చులు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు. విప్పి ముఖానికి ఆనించుకుని ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నావని మా ఆయన అడిగాడు. నేను ఎప్పటికీ వెళ్లలేని చోటు నుంచి ఒక ముక్క నా ఇంటికి వచ్చింది, అంతే. శనివారం సాయంత్రం ఆట ఉంటే ఏప్రిల్ ఉక్కలో కూడా దాన్ని మెడకు చుట్టుకుని చెమటలు కక్కుతూ చూసేదాన్ని. మిగతా రోజుల్లో టీవీ పక్క మేకుకు ఉండేది.

మా నాన్నకు ఫుట్‌బాల్ తెలియదు. ఆయనకు తెలిసింది పార్టీ. అక్కుపల్లి దగ్గర మా ఊళ్లో కాస్త జీడితోట, కొన్ని కొబ్బరిచెట్లు, నలభై ఏళ్లుగా ఒకే పార్టీ. పదవి లేదు, అడగనూ లేదు. మా మేనత్త భర్తదీ అదే దారి. మావయ్యది టెక్కలి దాటాక మూలపేట వైపు ఊరు. బావా బావమరుదులు కలిసి జెండాలు కట్టారు, కలిసి దెబ్బలు తిన్నారు. ఈమధ్య ఊళ్లో ఒక్కొక్కరే కండువా మారుస్తుంటే జబ్బుతో మంచం పట్టిన మావయ్య అక్కణ్ణుంచే తిట్టిపోసేవాడు. కిందటేడు మేం చూడ్డానికి వెళ్లినప్పుడు నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నా పాడెకి ముందు బుజం నువ్వే పట్టాల. కండవ మార్సినోడు ఒక్కడూ నన్ను ముట్టుకోకూడదు" అన్నాడు.

నాన్న "అలాగే బావా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆయన మాటంటే మాటే.

మొన్న డిసెంబరులో నాన్న పన్ను పీకించుకోవడానికి మా ఇంటికి వచ్చి ఉన్నాడు. పన్ను పీకిన మర్నాడు పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. మావయ్యను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారు, ఇంక లాభం లేదన్నారు, బేగి రమ్మంది. నాన్న చొక్కా తొడుక్కుని బస్సుకు బయల్దేరాడు. బయట చలి. ఆయన దవడ బూరెలా వాచి ఉంది. నేను మేకుకున్న కండువా తీసి ఆయన చెవుల మీదుగా చుట్టబోయాను.

"ఈ రంగు నాకొద్దమ్మా. ఒగ్గేయ్" అన్నాడు వాచిన నోటితో.

నాకు చర్రున కోపం వచ్చింది. కండువాను కాదు, నా జట్టునే ఎవరో తోసేసినట్టు అనిపించింది. "రంగేటి నాన్నా? ఇది పార్టీది కాదు, నా జట్టుది. నా దగ్గిర ఇంతకన్నా మంచిది ఏదీ లేదు. ఇస్తుంటే వద్దంటావేటి?" అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. మెడ వంచాడు. నేనే ముడి వేశాను.

తర్వాత జరిగింది నాకు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. టెక్కలి బస్టాండు దగ్గర ఆ రోజు అవతలి పార్టీ చేరికల సభ. అదే రంగు కండువాలతో జనం. బస్సు మారడానికి దిగిన నాన్న మెడలో అదే రంగు చూసి మనవాడే అనుకుని ఎవరో టీ గ్లాసు చేతిలో పెట్టారు. పన్ను పీకిన నోటితో ఎవరికి ఏమని చెబుతాడు, పుచ్చుకున్నాడు. ఎవరో ఫోటో తీశారు. ఆయన మావయ్య ఊరు చేరేలోపు ఫోటో చేరిపోయింది. మావయ్య ప్రాణం కూడా అప్పటికే పోయింది.

మావయ్య పోయాడని తెలిసి ఫ్యాక్టరీలో చెప్పి నేనూ బయల్దేరాను. వెళ్లేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. మావయ్య మీద పార్టీ జెండా కప్పి ఉంది. అత్త తలదగ్గర కూర్చుని ఉంది. నాన్న ఎక్కడా లేడు. వెతికితే వీధికి అవతల, మూసేసిన టీబడ్డీ బల్ల మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మెడలో కండువా లేదు. చొక్కా లోపల, పొట్ట దగ్గర ఎత్తుగా ఉంది.

"ఏటి నాన్నా, ఇక్కడున్నావు?"

"నన్ను లోపలికి రానీలేదమ్మా, ఈ కండవ మూలాన" అన్నాడు.

మావయ్య ఇంట్లోకి మా నాన్నను రానివ్వకపోవడం ఏమిటి? సొంత చెల్లెలి ఇల్లు. పరుగున వెళ్లాను. అత్త కొడుకు, నాకు బావ, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"బావా, అది ఫుట్‌బాల్ కండవ. నాది. చలేస్తుందని నేనే కట్టినాను" అన్నాను.

బావ ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు. ఫోటోలో మా నాన్న, చేతిలో టీ, చుట్టూ అదే రంగు. "ఇది ఫుట్‌బాలేటి?" అన్నాడు.

నేనూ నా ఫోన్ తీశాను. ఆ స్టేడియం ఫోటో ఒకటి దొరికింది. కొన్ని వేలమంది నిలబడి అవే కండువాలు రెండు చేతులతో తలల మీదికి ఎత్తి పట్టుకుని ఉన్నారు. బావ దాన్ని దగ్గరికి లాక్కుని చూశాడు.

"ఇంతమంది ఉన్నారు. ఇది పార్టీ కాదని ఎలా సెప్తన్నావు?" అన్నాడు.

నిజంగానే అడిగాడు, వెటకారం లేదు. ఇన్నేళ్లుగా నేను ప్రాణంలా చూసుకుంటున్న బొమ్మ అది. ఆ గుమ్మం ముందు నిలబడి చూస్తే అది అచ్చం టెక్కలి సభలాగే ఉంది.

"మా నాన్న ఏటన్నాడో నువ్వూ విన్నావు. కండవ మార్సినోడు ముట్టుకోకూడదన్నాడు" అని బావ ముఖం తిప్పుకున్నాడు.

పాడె లేచింది. ముందు భుజం పట్టినవాళ్లలో ఒకడు పోయిన ఎన్నికలకు కండువా మార్చి, ఓడిపోయాక మళ్లీ వెనక్కి వచ్చినవాడు. అది అందరికీ తెలుసు. అతని మెడలో ఆ రోజు సరైన రంగు ఉంది, అంతే. నాన్న చెప్పులు విప్పేసి, ఊరేగింపుకు దూరంగా, ముక్కూ మొహం తెలియని మనిషిలా వెనక నడిచాడు. నేను గోడ పట్టుకుని నిలబడిపోయాను. నా చేతులతో నేను వేసిన ముడి ఇంతపని చేసిందని నమ్మలేకపోయాను.

దహనం అయ్యాక అత్తే నాన్నను ఇంట్లోకి పిలిపించుకుంది. మూడోరోజు నన్ను వంటగదిలోకి పిలిచింది. కోపంగా తిడుతుందనుకున్నాను. గుమ్మం దగ్గర జరిగింది ఆమె శవం పక్కనుంచి అంతా చూసిందట. నేననుకున్నట్టు నాన్నను చూడగానే తరిమెయ్యలేదు.

"మీ బావ, 'మావా, నాన్నకి నువ్వు మాటిచ్చినావు. ఆ కండవ తీసి కిందడేసి తొక్కి రా, నాకదే సాలు' అన్నాడే. మీ నాన్న తీసినాడు. మడతెట్టి సొక్కాలో ఎట్టుకున్నాడు. ఈడు 'తొక్కు మావా, తొక్కు' అని మూడుసార్లు అడిగినాడు. మీ నాన్న తల అడ్డంగా ఊపి ఎనక్కి తిరిగి ఎల్లిపోనాడు." అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఒక్కసారి కాలెట్టేత్తే అయిపోను గదే."

ఊరు ఊరంతా మా నాన్నకు అన్యాయం చేసిందని మూడు రోజులుగా పళ్లు నూరుతున్నాను. ఆయనకు దారి ఇచ్చారు. ఆయనే ఆ దారిన పోలేదు.

పెరట్లోకి వెళ్లాను. నాన్న కొబ్బరి మట్టలు ఒకచోటికి లాగుతున్నాడు. దవడ వాపు తగ్గింది, మాట సరిగా వస్తోంది.

"ఎందుకు తొక్కలేదు నాన్నా?" అన్నాను.

"నీది గదమ్మా" అన్నాడు.

"గుడ్డముక్క నాన్నా అది. నువ్వు మావయ్యకు మాటిచ్చినావు."

"ఇచ్చినాను" అని మట్ట కింద పెట్టాడు. "నా కండవ ఎవలైనా తొక్కితే నానూరుకుంతానేటి? మరి నీది నానెలా తొక్కుతాను? మా బావే బతికుంటే తొక్కమని అననే అనడు." మళ్లీ వంగి మట్ట లాగడం మొదలుపెట్టాడు.

ఆ జట్టు పేరు ఆయనకు నోరు తిరగదు. ఆటకు ఎంతమందో కూడా తెలియదు. ఇన్నేళ్లుగా ఆ జట్టు నా ప్రాణమని చెప్పుకు తిరుగుతున్నదాన్ని నేను. ఆ గుమ్మం దగ్గర ఆయన చోట నేనుంటే తొక్కేసేదాన్ని. క్షణం ఆలోచించకుండా రెండు కాళ్లతో తొక్కేసి లోపలికి పోయేదాన్ని.