ద్రాక్ష రకం: తోతాపురి

మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి రికార్డు గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. పేరు సాల్మన్ రాజు. డాక్టర్లు కోడి కెలికినట్టు రాసే ఇంగ్లీషును చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నేనని నాకు గట్టి నమ్మకం. చివరి రోజు కప్పిన శాలువాతో పాటు ఆ నమ్మకాన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. శాలువా ఎప్పుడో చివికిపోయింది.

పన్నెండో ఏట ఆదివారపు బడిలో, మత్తు పానీయం ముట్టనని కార్డు మీద సంతకం పెట్టాను. ఇంతవరకూ ముట్టలేదు. అందులో నా గొప్పేమీ లేదు. నాకెవరూ ఎప్పుడూ పోయలేదు.

రెండేళ్ల కిందట మునీశ్వరి మా ఇంటికొచ్చింది. పుంగనూరు అవతల సోమలలో ఆమెకు మామిడి తోట ఉంది. ఒకప్పుడు వాళ్లమ్మ ఆసుపత్రి కాగితాల్లో పేరు తప్పు పడితే నేనే సరిచేసి ఇచ్చాను. ఆనాటి నుంచి నేను సరిచేయలేని కాగితం భూమ్మీద లేదని ఆమె అనుకుంటుంది. కాదని నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

"సార్, మన సరుకు ఫారిన్ వాళ్లు అడుగుతాండారు. ఏందో ఎక్స్‌పోర్టు సర్టిఫికెట్ కావాలంట. ఈ కాగితాలు పంపినారు. మీరైతే ఊది పారేస్తారు" అంటూ ఒక కవరు చేతిలో పెట్టింది.

"ఏం సరుకమ్మా?"

"మామిడిదే సార్."

ఇంకా అడిగితే తెలియనివాడిలా కనిపిస్తానని ఊరుకున్నాను. తాండ్రయినా అయ్యుండాలి, ఒరుగులైనా అయ్యుండాలి అనుకున్నాను. ఆమె వెళ్లాక కళ్లజోడు పెట్టుకుని చూస్తే, మొదటి పేజీ నెత్తి మీదే పెద్దక్షరాల్లో 'వైన్' అని ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. కాయకు ధర పలకడం లేదని, అనుమతులన్నీ తెచ్చుకుని కుప్పం దగ్గర ఒక షెడ్డులో మామిడి రసంతో వైన్ చేయిస్తోందట. "మీకు తెలుసనుకున్నా సార్" అంది. "తెలుసులేమ్మా" అన్నాను.

మా ఆవిడ ఇందిర చర్చి సంఘంలో స్త్రీల కూటానికి కార్యదర్శి. "ఏం కాగితాలవి?" అని అడిగింది.

"పండ్ల రసం" అన్నాను. అబద్ధమేమీ కాదు. పులియక ముందు సంగతి చెప్పాను, అంతే.

కవర్లో రెండు ఫారాలున్నాయి. ఒకటి పదహారు పేజీలు, ఇంకొకటి నాలుగు. నాలుగు పేజీల దాంట్లో ఏముంటుందిలే అని పక్కన పడేసి పెద్దదాన్ని ముందేసుకుని కూర్చున్నాను. భోజనాల బల్ల మీద కాగితాలు పరుచుకుని మూడు రోజులు రాశాను. 'ద్రాక్ష రకం' అని ఒక గడి. రికార్డు గదిలో గడి ఖాళీగా వదలడం నేరం. కాబట్టి ఆమె తోటలోని మామిడి రకం పేరు, 'తోతాపురి' అని రాశాను. 'రుచి' అన్నచోట, మామిడే కదా అని, 'చాలా తియ్యన' అని రాశాను. 'సరుకు పరిస్థితి' దగ్గరికొచ్చేసరికి పాత అలవాటు కొద్దీ చెయ్యి తనంతట తానే రాసేసింది: 'నిలకడగా ఉంది. డిశ్చార్జి చేయవచ్చు.' దస్తూరి మాత్రం ముత్యాల్లా కుదిరింది.

పది రోజులకు మునీశ్వరి ఫోన్ చేసింది. సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసరు దేవేంద్ర కుప్పం షెడ్డు చూడటానికి వస్తున్నాడట. "కాగితాలు రాసినాయన కూడా ఉండాలని సెప్పినాడు సార్" అంది.

నన్నెందుకు పిలిచాడో నాకు ఇట్టే అర్థమైంది. మెచ్చుకోవడానికే. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను. కుప్పంలో పాత స్నేహితుణ్ని చూసి వస్తానని ఇందిరతో చెప్పి బస్సెక్కాను. పుంగనూరులో మునీశ్వరి ఎక్కింది. దారి పొడవునా ఇంగ్లీషులో ఫారాలు నింపడంలోని మెళకువలు ఆమెకు వివరించాను.

షెడ్డులో నాలుగు స్టీలు ట్యాంకులున్నాయి. లోపలికి అడుగు పెట్టగానే మాగిన పండు వాసన, పులిసిన దోసెల పిండి వాసన కలిసి ముక్కుకు తగిలాయి. ట్యాంకుల దగ్గర సిద్దప్ప అనే పనివాడు గొట్టాలు కడుగుతున్నాడు. దేవేంద్రకు ముప్పై ఏళ్లుంటాయేమో. నా పదహారు పేజీలు బల్ల మీద పెట్టాడు.

"ఇది రాసింది ఎవురు?"

"నేనే సార్" అంటూ లేచి నిలబడ్డాను. మెచ్చుకునేటప్పుడు కూర్చుని ఉండటం బాగుండదు.

"తోతాపురి ద్రాక్ష యాడ పండుతాదప్పా?"

ఎవరూ నవ్వలేదు. సిద్దప్ప మాత్రం ట్యాంకు వైపు తిరిగిపోయాడు. వెనక నుంచి అతని భుజాలు కదలడం కనిపించింది.

"ఇది ద్రాక్షతో చేసిన వైన్‌కు. పండ్ల వైన్‌కు వేరే ఫారం ఉండాది, నాలుగే పేజీలు. అదీ పంపినాం కదమ్మా?"

మునీశ్వరి నా వైపు చూసింది. నేను సంచిలో వెతికి ఆ నాలుగు పేజీలు తీసి బల్ల మీద పెట్టాను. కొత్తనోటులా మడత పడకుండా ఉన్నాయి.

"సరే, తియ్యగా ఉంటాదని రాసినారు. ల్యాబు రిపోర్టులో సక్కెర లేనట్టే ఉండాది. మీరు రుచి సూసినారా?"

"లేదు సార్. నేను ముట్టను."

"ముట్టకుండా ఎట్ల రాసినారు?"

"మామిడి కదా సార్…"

ముప్పై ఒక్క ఏళ్లలో రోగి ఎవరూ రికార్డు గదికి రాలేదు. కాగితమే వచ్చేది. కాగితం చూస్తే మనిషిని చూసినట్టేనని అనుకునేవాణ్ని.

"ఆయన్ని అనొద్దు సార్, నేనే వివరంగా సెప్పలేదు" అంది మునీశ్వరి. "సక్కెరంతా పులిసేటప్పుడే పోతాది. నోట్లో ఏసుకుంటే ముందు దోరకాయ పులుపు. మింగినాక టెంక దగ్గరుంటాదే, ఆ వగరు. వాసన ఒక్కటే పండుది. మూడు దఫాలు కుదరక అంతా పారబోసినా. ఒక దినం ఈ ట్యాంకు కాడ్నే కూసోని ఏడ్సినా. నాలుగో దఫాకు ఇట్ల వచ్చింది."

ఆమె అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదలు. మాట్లాడనిస్తే కదా. పుంగనూరు నుంచి కుప్పం దాకా మాట్లాడింది నేనే. కుర్చీ లాక్కుని, పెన్ను తీసి, "వగరు నాలుక మీదామ్మా, గొంతులోనా?" అని అడిగాను.

పదహారు పేజీలు నాకు నేనుగా మూడు రోజుల్లో నింపినవాడికి ఈ నాలుగు పేజీలకు సాయంత్రం దాకా పట్టింది. ప్రతి గడికీ ఆమెనో, సిద్దప్పనో అడగాల్సి వచ్చింది. సిద్దప్ప మొదట బిగుసుకున్నా తరువాత ఉత్సాహంగా చెప్పాడు. 'సరుకు పరిస్థితి' దగ్గర దేవేంద్ర నా పాత ఫారం తిరగేశాడు.

"డిశ్చార్జి కొట్టేయండి. నిలకడగా ఉందన్నది మాత్రం కరెక్టే. సీసాలో మళ్లా పులవకుండా నిలకడగా ఉండాలనే వాళ్లకు కావాల."

పదహారు పేజీల్లో సరిగ్గా పడింది అదొక్కటే. అదీ నాకు తెలిసి రాసింది కాదు.

ఇల్లు చేరేసరికి ఇందిర చపాతీలు చేస్తోంది. "పండ్ల రసం పని అయిపోయిందా?" అంది. నేను పీట మీద కూర్చుని, అది రసం కాదని, వైనని చెప్పేశాను.

"తెలుసు. మూడు దినాలు బల్ల మీద పరిసిపెట్టినారు, నాకు కండ్లు లేవా? ద్రాక్ష అని ఉన్న కాడ మామిడి పేరు రాస్తావుంటే సెప్దామనే అనుకున్నా."

"మరి యాల సెప్పలేదు?"

"రికార్డు పని నీకేం తెలుసంటారని ఊరకుండినా."

అనేవాణ్నే. తల వంచుకుని రెండు చపాతీలు ఎక్కువే తిన్నాను.

నెల తరువాత సర్టిఫికెట్ వచ్చింది, సరుకు ఓడెక్కింది. మునీశ్వరి ఆ కాగితం చూపించడానికి ప్రత్యేకంగా మదనపల్లెకు వచ్చింది. ముందూ వెనకా తిప్పి చూశాను. తయారుచేసినవారు మునీశ్వరి, తనిఖీ చేసినవారు దేవేంద్ర. రాసినవాడి పేరుకు అందులో గడే లేదు. అయినా ఒక జెరాక్సు తీయించుకుని ఫ్రేము కట్టిస్తానన్నాను. వైన్ కాగితం ప్రార్థన జరిగే గదిలో పెడితే ఊరుకోనంది ఇందిర. పడకగదిలోనూ వద్దంది. ప్రస్తుతం అది కరెంటు బిల్లుల ఫైల్లో ఉంది.