పది పాటలు, ఒకే రిడిమ్

2023 చలికాలం. కెనడాలోని హామిల్టన్‌లో కాలేజీ రెండో సెమిస్టర్ చదువుతూ, పాత గ్రామఫోన్ రికార్డులు అమ్మే దుకాణంలో పార్ట్‌టైమ్ పనిలో చేరాను. మనుషులతో మాట్లాడటం కన్నా రికార్డుల అట్టల మీద రాసింది చదవడమే నాకు సులువు. అందుకే నాకు ప్లే గ్రేడింగ్ అప్పగించారు. అంటే, వచ్చిన ప్రతి ఎల్పీ రికార్డులో ఒక్కో పాట మొదలు కాసేపు విని, గీతలూ గరగరలూ ఎంతున్నాయో చీటీ రాసి అంటించడం.

ఒక శనివారం మధ్యాహ్నం వెర్నా గారు కూతురితో వచ్చారు. డెబ్బై దాటిన జమైకా ఆవిడ, ఆసుపత్రి వంటశాలలో పనిచేసి రిటైరయ్యారు. పంతొమ్మిదేళ్ళప్పుడు కింగ్‌స్టన్‌లో ఒక్క పాట పాడారట. రికార్డు విడుదలయ్యేలోపే కెనడా వచ్చేశారు. ఇంట్లో ఎవరూ నమ్మరు. ఇదే చివరి దుకాణమని, ఇక వెతకడం ఆపెయ్యాలని కూతురు తేల్చి చెప్పింది.

మా సీనియర్ కిరణ్ అన్న సొంతూరు కరీంనగర్. కంప్యూటర్లో ఆవిడ పేరు కొట్టి, లేదన్నాడు. రికార్డు మీద తన పేరు వేసి ఉండరని, రిడిమ్ మాత్రం గుర్తుందని ఆవిడ కౌంటర్ మీద వేళ్ళతో వాయించి చూపించారు.

రిడిమ్ అంటే పాట కింద నడిచే వాద్య సంగీతం. జమైకా వాళ్ళ రెగే సంగీతంలో ఒకే రిడిమ్ మీద పదిమంది ఎవరి మాటలు వాళ్ళు కట్టుకుని పాడతారు. అన్నీ కలిపి ఒక ఎల్పీగా వేస్తారు. మన భజన పుస్తకాల్లో పాట పైన ఫలానా సినిమా పాట వరుస అని అచ్చేస్తారే, అలాంటిదే. కిరణ్ అన్న ఇది నాకు వివరిస్తుంటే నా తప్పు తెలిసొచ్చింది. ఆవిడ వాయించింది నేను పదిసార్లు విన్నదే. నెల కిందట ఒక ఎల్పీలో పాటలన్నీ ఒకేలా మొదలయ్యాయి. ఒకే పాటను పదిసార్లు అచ్చు కొట్టేశారనుకుని, ‘డిఫెక్ట్’ చీటీ అంటించి, పారేసే పెట్టెలో పడేశాను. తప్పు పట్టేశానని డైరీలో గొప్పగా రాసుకున్నాను కూడా.

కూతురు కోటు జిప్పు పెట్టుకుంటోంది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

"అన్నా, అది మన దగ్గరే ఉంది. డిఫెక్ట్ అని నేనే రాశా."

"ఏం డిఫెక్ట్?"

"పది పాటలూ ఒకటేనని."

"మంచిగ విన్నవ్ తల్లీ. పెట్టె ఇంకా బేస్‌మెంట్లనే ఉంది. ఉరుకు."

పెట్టె అడుగున దొరికింది. పైకి తెచ్చి పెట్టాను. మొదటి వైపంతా మగగొంతులే. కూతురు ఫోన్ చూసుకుంటోంది. రెండోవైపు మూడో పాటలో గొంతు రాకముందే వెర్నా గారు అందుకున్నారు. రికార్డులో పంతొమ్మిదేళ్ళ పిల్ల, కౌంటర్ ముందు పెద్దావిడ, ఒక్క మాట తేడా లేకుండా పాడారు.

"మమ్మీ, ఇది నువ్వే," అంది కూతురు.

"యాభై ఏళ్ళ నుంచీ అదేగా చెబుతున్నా. మళ్ళీ పెట్టమ్మా, మా అమ్మాయి మొదట్లో ఫోన్ చూసుకుంటూ ఉండిపోయింది."

మూడుసార్లు పెట్టాను. దుకాణంలో ఉన్నవాళ్ళంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. అట్ట వెనక ఆ పాట పక్కన పేరు లేదు. కిరణ్ అన్న పెన్ను అందిస్తే, ఆవిడ తన పూర్తి పేరు నిదానంగా రాశారు.

నా బిడియం ఇప్పటికీ పోలేదు. కానీ ప్రతి పాటనూ గొంతు వచ్చేదాకా వింటున్నాను. తప్పు నాదైతే, నోరు ముందు నేనే విప్పుతున్నాను.