మగ్గం లెక్క, మనిషి లెక్క

మా ముత్తాత నరసింగరావు దేశాయి ఆదోని తాలూకాలో ఏడు ఊళ్లకు పన్ను వసూలు అధికారి. తాతగారికి పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. నాన్నగారి నాటికి మిగిలింది దేశాయి అన్న పిలుపు, తాతగారి వెండి పన్నీరు బుడ్డి మాత్రమే. నేను ఆదోనిలోని ఒక కళాశాలలో గణాంకశాస్త్రం బోధించాను. పదవీ విరమణకు ముందటి విద్యా సంవత్సరంలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుల పర్యవేక్షణ నాకు అప్పగించారు.

నా విద్యార్థిని పద్మావతి ఎమ్మిగనూరు నేతకారుల అమ్మాయి. వ్యాయామం వల్ల నేతకారుల నడుమునొప్పి తగ్గుతుందా అన్నది ఆమె అంశం. వేర్వేరు చోట్ల జరిగిన చిన్న అధ్యయనాలను కలిపి ఒకే ఫలితం రాబట్టే పద్ధతిని మెటా అనాలిసిస్ అంటారు. ఎక్కువమంది పాల్గొన్న అధ్యయనానికి ఎక్కువ బరువు ఇస్తారు. నేను దాన్ని సూత్రాలతో, చేతిలెక్కతో నేర్చుకున్నవాణ్ణి. దాన్ని నేర్పడానికే తయారైన ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఆమె చూపినప్పుడు బొమ్మలాట అనుకున్నాను. తెర మీద ఒక్కో అధ్యయనం ఒక్కో చతురస్రం. బరువు పెరిగితే అదీ పెరుగుతుంది. అన్నిటి సారం అడుగున వజ్రం ఆకారంలో ఉంటుంది. తేడా ఏమీ లేదని సూచించే మధ్యగీతను ఆ వజ్రం తాకితే వ్యాయామం పనిచేసిందని చెప్పడానికి వీల్లేదు. ఒక అధ్యయనాన్ని తీసేస్తే వజ్రం కళ్లముందే జరుగుతుంది. నేను వారం పాటు చెప్పే పాఠాన్ని అది నిమిషంలో చూపించింది.

పద్మావతి ప్రాజెక్టులో వజ్రం గీతకు దూరంగా నిలిచింది. ప్రాజెక్టు సరిగా ఉందన్న ధ్రువీకరణ పత్రం మీద సంతకం చేసి శాఖాధిపతికి అందజేశాను.

మౌఖిక పరీక్షకు, అంటే వైవాకు, రెండు రోజుల ముందు ఆమె తన తండ్రి వీరన్నతో ల్యాబుకు వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న పక్కన ఎర్ర గుర్తు పెట్టిందని చూపింది: చీటీ వేసింది మనిషికా, గుంపుకా? అన్నిటికన్నా పెద్ద చతురస్రం ఉన్న అధ్యయనంలో, వ్యాయామం ఎవరికి నేర్పాలో మగ్గాల పేర చీటీలు వేసి తేల్చారు. లెక్క మాత్రం మనుషులది రాశారు. "మనిషికి" అని నింపమన్నాను.

వీరన్న ఊరుకోలేదు. "మగ్గమంటే ఒగడేనా సార్? మగ్గం గుంతలో నేను కూసుని నేస్తా. నూలు కండెలు మా ఇంటామె సుడుతుంది. పడుగు పోగులు మా యమ్మ అతుకుతుంది. ఒగరికి కసరత్తు నేర్పితే ముగ్గురమూ చేస్తాం. ముగ్గురిదీ ఒగటే గాలి, ఒగటే కూడు, ఒగటే నొప్పి."

"నాయనా, సార్ ముందర ఊరికే ఉండప్పా."

"యాల ఉండల్లమ్మే? దేశాయి దొరలు మా తాతల కాడ మగ్గానికింతని పన్ను కట్టిచ్చుకున్నారు. పన్నుకైతే మగ్గం లెక్క, సదువుకైతే తలకాయల లెక్కనా?"

నాకు కోపం వచ్చింది. కానీ ఒకే ఇంటివారిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కించరాదని ప్రతి ఏడూ తరగతిలో చెప్పింది నేనే. పద్మావతి "గుంపుకు" అని మార్చింది. పెద్ద చతురస్రం కుంచించుకుపోయింది. వజ్రం మధ్యగీతను తాకింది.

"ఫలితం లేదంటే ప్రాజెక్టు తోసేస్తారేమో సార్. ఈ ఏడు పోతాది" అంది. పాతదే ఉంచమని నేనంటే ఉంచేది.

శాఖాధిపతి దగ్గరకు వెళ్లి నా పత్రం వెనక్కి తీసుకున్నాను. పొరపాటు పర్యవేక్షకుడిదని రాసి ఇచ్చాను. మా వంశంలో అంతకుముందు ఎవరూ అలా రాసి ఇచ్చినట్లు నాకు తెలియదు. వైవాలో పద్మావతి రెండు వజ్రాలనూ పక్కపక్కన చూపి, ఒక మగ్గం చుట్టూ ఎవరెవరు పనిచేస్తారో బయటి పరీక్షకుడికి వివరించింది. ఆయన చాలాసేపు ప్రశ్నలు వేసి, ఆమెను ఉత్తీర్ణురాలిగా ప్రకటించాడు.

లెక్క కట్టేముందు దేన్ని ఒకటిగా ఎంచాలో తేల్చుకోవాలి. మంచి బోధన సాఫ్ట్‌వేర్ ఆ ప్రశ్నను దాటనివ్వదు. జవాబు ఆ పని చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది.

ఆ వేసవిలో ఆ సాఫ్ట్‌వేర్‌ను మొదటి నుంచి నేర్చుకున్నాను. అది ఉచితమే; ఇంట్లో కంప్యూటర్ లేదు. తాతగారి వెండి పన్నీరు బుడ్డిని ఆదోని బజారులో అమ్మి ఒకటి కొన్నాను.