మర్యాద తప్పిన రిపోర్టు

సుత్తిమామకు కోపమొస్తే వీధికుక్కలు సైతం గొంతు తగ్గించేవి. ఇనుప రేకులు కోసే షెడ్డు ఆయనది. కోత మిషన్‌ని కంప్యూటర్‌తో నడిపించే ప్రోగ్రాం తనే రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండి, తప్పులుంటే చెప్పండి అని ఇంటర్నెట్‌లో పెట్టాడు.

చెప్పారు. ఒక్క నెలలో నలభై రిపోర్టులు! అన్నీ "గౌరవనీయులకు నమస్కారం, తీవ్రమైన లోపం గమనించాము" అనే మొదలయ్యేవి. ఫలానా లైనులో తప్పన్నారని వెతికితే, ప్రోగ్రాంలో ఆ లైనే ఉండేది కాదు. పేరు కోసం కంప్యూటర్ చేత రాయించి పంపే బాపతు. ఒక్కో బోగస్ రిపోర్టుకీ మామ ఒక్కో ఖాళీ డబ్బాను సుత్తితో చదును చేసేవాడు. ముప్పయ్యో డబ్బా దెబ్బకి పక్కింటి గడియారం వెనక్కి నడిచిందట.

"చదవకుండా చెత్తలో పడేయ్ బావా! వీధిలో డబ్బాలు అయిపోతున్నాయి," అన్నాడు మిషన్ దగ్గర పనిచేసే బావమరిది.

"నోర్మూసుకుని రేకు పెట్టు."

ఆ మధ్యాహ్నం నలభై ఒకటోది వచ్చింది.

"ఒరేయ్ దరిద్రుడా! ఆపు మీట నొక్కి మూత ఎత్తితే నీ రంపం మళ్లీ తిరిగింది. నా రెండు వేళ్లు తెగిపోయాయి. ఎడంచేత్తో కొడుతున్నా. నువ్వు నాశనమైపోను!"

సుత్తి మీదికి వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. నలభైమందిలో ఒక్కడూ తిట్టలేదు. వేళ్లు తెగినవాడికి నమస్కారాలు ఎక్కడ గుర్తుంటాయి?

ప్రోగ్రాం తెరిచాడు. వారం కిందట ఒకడు, మూత ఎత్తితే రంపాన్ని ఆపే లైను దండగని పదేపదే రాస్తుంటే, వాడి పీడ వదిలించుకోవడానికి తనే తీసేశాడు.

షెడ్డులో రంపం చప్పుడు తగ్గింది. ఇరుక్కున్న ముక్క తీయడానికి బావమరిది మూత ఎత్తుతున్నాడు.

మామ సుత్తితో సహా దూకాడు. భుజంతో దవడ మీద గుద్దిన గుద్దుకి బావమరిది గోడకి కొట్టుకుని జారాడు. రంపం గర్రుమని లేచి, వాడి చేతినుంచి ఊడిన తొడుగును పీలికలు చేసి విసిరింది. మామ మిషన్ కరెంటు పెట్టె మీద సుత్తి దించాడు. ఒకటి, రెండు, మూడు. నిప్పురవ్వలు ఆయన మీసం కాల్చాక గానీ రంపం ఆగలేదు.

"పిచ్చెక్కిందా బావా?" బావమరిది నెత్తురుతోపాటు ఒక పన్ను ఉమ్మాడు.

"వేళ్లు చూసుకో."

పదీ ఉన్నాయి. మామ ఆ లైను తిరిగి పెట్టి, కొత్త ప్రోగ్రాం ఎక్కించుకునేదాకా ఎవరూ మిషన్ ముట్టొద్దని అందరికీ రాశాడు. తిట్టినవాడికి, "తప్పు నాదే. ఇంకా తిట్టండి," అని పంపాడు.

"నా పన్ను గురించి రిపోర్టు ఎవరికి రాయాలి?" దూది కరిచిపట్టుకుని అడిగాడు బావమరిది.

"నాకే రాయి. నమస్కారమని మొదలుపెట్టావో, నమ్మను."