జనం ఎక్కకముందే కదిలిన పంటు

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా నేనొక వీడియో గేమ్ చేశాను. నరసాపురం రేవులో జనాన్ని, సైకిళ్ళని, ఒక గేదెని పంటు అనే పెద్ద పడవ మీదకి ఎక్కించి గోదావరి దాటించాలి. ఆటంతా ఇంతే. మా నాన్న నిజంగా చేసే పని అదే. ఆ రేవులో పంటు నడిపేవారు.

ఒకేసారి రెండు పనులు చేయగల రెండు కోర్ల ప్రాసెసర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. ఇకమీదట గేమ్‌లో పనిని ముక్కలు చేసి కోర్లకు పంచాలని ఎక్కడో చదివి, నాకంతా తెలిసిపోయిందనుకున్నాను. జనం ఎక్కడం ఒక ముక్క, పంటు కదలడం ఇంకో ముక్క. ఇంట్లో నా పాత కంప్యూటర్‌కి ఒకటే కోరు. కాసేపు ఈ పని, కాసేపు ఆ పని చేసేది కాబట్టి ఎప్పుడూ తేడా రాలేదు.

ప్రదర్శన రోజున హైదరాబాదు నుంచి గేమ్ కంపెనీవాళ్ళు వచ్చారు. వాళ్ళకి నచ్చితే ఉద్యోగం. నాన్న సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు.

"మా పంటేనండి అది. మావాడే చేశాడండి," అని పక్కవాళ్ళకి చెప్పడం నాకు వినిపిస్తూనే ఉంది.

కాలేజీలో కొత్త కంప్యూటర్లు రెండు కోర్లవి. ఒక కోరు జనాన్ని నడిపిస్తుండగానే రెండోది పంటును కదిపేసింది. ఒకదాని కోసం ఒకటి ఆగాలని నేను రాస్తేగా! జనం బుద్ధిగా నడుచుకుంటూ వెళ్ళి ఒక్కొక్కరే గోదాట్లో పడ్డారు. చివర్న గేదె. హాలంతా ఘొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు నాన్న లేచారు. నవ్వుతున్న ఆ కంపెనీ కుర్రాళ్ళ ముందుకొచ్చి చేతులు జోడించారు.

"తప్పైపోయిందండి. మా రేవులో ఎప్పుడూ ఇలా జరగలేదండి. ఈ ఒక్కసారికీ మావాణ్ణి ఏమీ అనుకోకండి."

నవ్వులు ఆగిపోయాయి. అవి ఆగిపోవడం ఇంకా సిగ్గనిపించింది. ఆ కుర్రాళ్ళలో ఒకతను గబగబా లేచి, "అయ్యో, కూర్చోండి బాబాయిగారూ, చిన్న పొరపాటేనండి," అన్నాడు. తర్వాత నా పక్కకొచ్చి, జనమంతా ఎక్కేదాకా పంటు ఆగాలంటే ఏం రాయాలో చూపించాడు. రెండు లైన్లు. రాసి ఆడిస్తే అందరూ ఎక్కారు. ఉద్యోగం సంగతి వాళ్ళు ఎత్తలేదు, నేనూ అడగలేదు.

తిరుగు బస్సులో నాన్న మెల్లిగా అడిగారు.

"ఏంట్రా, అంత పెద్ద తప్పేం చేశావ్?"

రెండు లైన్లు మర్చిపోయానని చెప్పాలి. వాటి కోసం ఆయన చేత అందరి ముందూ చేతులు జోడింపజేశానని చెప్పాలి.

"చాలా పెద్దదే నాన్నా," అన్నాను.